ఎవరూ మానేయమనలేదు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కూతుర్ని చదువు మానేయమన్న తండ్రి ఒక్కడూ లేడు. వాకబు చేసి మరీ చెబుతున్నాను. మాన్పించిన తల్లి లేదు. వద్దన్న మేనమామ లేడు. అడ్డం తిరిగిన అత్తగారు లేదు. ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్టు ఆపిన కాలేజీ లేదు. స్కాలర్‌షిప్పు ఎగ్గొట్టిన ప్రభుత్వం అసలే లేదు. ఉన్నవి బకాయిలు మాత్రమే. ఎవర్ని కదిపినా ఒకటే జవాబు: "మేమేం వద్దనలేదండీ, అదే మానేసింది."

నేరం జరిగింది, నేరస్థుడు లేడు. ఇలాంటి కేసు దొరకడం ఏ వకీలుకైనా పండగే. అందుకని అనుమానితులందరి తరఫునా పైసా పుచ్చుకోకుండా వకాల్తా నేనే వేస్తున్నాను. నా కక్షిదారులు పెద్దమనుషులు. కూతురి మార్కుల మెమో లామినేషన్ చేయించి హాల్లో గోడకు తగిలించినవాళ్లు. వాళ్లను అనుమానించడానికి నోరెలా వస్తుంది?

పాతరోజుల్లో ఇంత మర్యాద ఉండేది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు గిట్టనివాళ్లు మొహమ్మీదే తిట్టారు. ఆ ఛాందసుల దగ్గర ఒక సుగుణముంది: దాపరికం లేదు. ఎదురుగా నిలబడి వాదించడానికి ఒక మనిషి, ఒక పిలక, ఒక అభిప్రాయం దొరికేవి. ఇప్పుడు ఎవరితో వాదిస్తాం? అందరూ మన పక్షమే. మహిళా దినోత్సవం నాడు కేకు కోసేది వాళ్లే, బేటీ పఢావో ఫ్లెక్సీ కట్టించేదీ వాళ్లే.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆవిడ ఆ కాపురానికి వెళ్లనని చెప్పేసింది. మెట్రిక్ పాసై, బీఏ చేసి, మద్రాసులో లా చదివి, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1958లో కేంద్రం స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. అంటే పెళ్లి మానేసి చదువుకుంది. మనం ఆ క్రమాన్ని సరిదిద్దాం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు పేపర్లు చూడండి. "బాలికలదే పైచేయి." ఈ హెడ్డింగును పత్రికాఫీసుల్లో ముందే తయారుచేసి పెట్టుకుంటారని నా అనుమానం, సంవత్సరం మార్చుకుంటే సరిపోతుంది. ఉన్నత విద్యలోనూ అంతే. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వే ప్రకారం దేశంలో కాలేజీ, యూనివర్సిటీ చదువుల్లో ఉన్నవాళ్లు 4.33 కోట్లు, అందులో అమ్మాయిలు 2.07 కోట్లు. స్థూల నమోదు నిష్పత్తి అబ్బాయిలది 28.3, అమ్మాయిలది 28.5. ఇక్కడా పైచేయే. మంత్రులు ఈ అంకె చదివి చప్పట్లు కొట్టించుకుంటారు, తప్పు లేదు. కాకపోతే ఇది గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడి లెక్క. సినిమా మధ్యలో ఎంతమంది లేచి వెళ్లారో వాడికి తెలియదు, ఎందుకు వెళ్లారో అసలే తెలియదు.

కారణం రాసే చోటు లేకపోలేదు. టీసీ పుస్తకంలో "కాలేజీ విడిచిపెట్టుటకు కారణము" అని ఒక గడి ఉంటుంది. గుమాస్తా అందులో ఏళ్ల తరబడి చేతి అలవాటుగా ఒకటే రాస్తాడు: "ఆన్ ఓన్ రిక్వెస్ట్." తానుగా అడిగింది, ఇచ్చాం. నా కక్షిదారుల నిర్దోషిత్వానికి ఇంతకు మించిన దస్తావేజు ఏం కావాలి?

ఇక మొదటి అనుమానితుడు, సంబంధం. సంబంధానికి ఒక లక్షణం ఉంది: అది దానంతటదే వస్తుంది. ఎవరూ వెతకరు. మూడు మ్యారేజి బ్యూరోలకూ రెండు కులసంఘం వాట్సాప్ గ్రూపులకూ బయోడేటా పంపిన మర్నాడు "అనుకోకుండా" వచ్చి వాకిట్లో నిలబడుతుంది. అమ్మాయి బీటెక్ రెండో ఏడాదిలో, హాస్టల్లో ఉంటుంది. నాన్న ఫోను చేస్తాడు. "ఓసారి ఇంటికి రామ్మా, నానమ్మ నిన్ను చూడాలంటోంది." నానమ్మకు చూపు ఆనక ఏడాది దాటింది. చూడాల్సినవాళ్లు నలుగురు కారులో వస్తారు.

"అమ్మాయి చదువు మధ్యలో ఉంది బావగారూ..."

"అయ్యో, మధ్యలో ఉంటే ఏం బావగారూ! మాకూ ఆడపిల్లలున్నారు. మా ఇంటికొచ్చాక ఎంతదాకా చదువుతానంటే అంతదాకా చదివిస్తాం. మా వాడే దగ్గరుండి కాలేజీకి దింపుతాడు."

ఈ హామీకి స్టాంపు పేపరు లేదు, సాక్షి సంతకాలు లేవు. ఇద్దరు బావగార్లకూ అది హామీ కాదని తెలుసు. పీటల మీద కూర్చున్నాక చెప్పే ప్రమాణాలకైనా పురోహితుడు సాక్షి. దీనికి పకోడీల ప్లేటే సాక్షి. పెళ్లివారికి కావలసిన చదువుకు ఒక కొలత ఉంటుంది. శుభలేఖ మీద పేరు పక్కన బ్రాకెట్లో రాసుకోవడానికి సరిపడా ఉండాలి. రేపు మనవడికి హోంవర్కు చేయించేంత ఉండాలి. బ్యాంకులో ఫారం నింపేంత ఉండాలి. జీతం ఎవరి ఖాతాలో పడాలన్న చర్చ లేవదీసేంత ఉండకూడదు. బీటెక్ రెండో ఏడాది ఈ కొలతకు అచ్చంగా సరిపోతుంది. నాలుగో ఏడాది కాస్త వదులవుతుంది.

ఆడపిల్ల తండ్రి లెక్క వేరు. ఆయన మీద నాకు నిజంగానే కోపం రాదు. ఇద్దరు కూతుళ్లు, రెండెకరాల సొంతం, మూడెకరాల కౌలు. డిగ్రీ పిల్లకు పీజీ చేసినవాణ్ణి తేవాలి, బీటెక్ పిల్లకు అమెరికావాణ్ణి తేవాలి. పిల్ల ఒక మెట్టెక్కితే అల్లుడు రెండు మెట్లెక్కాలి, ఆ మెట్లకు రేటుంటుంది. ఆడపిల్ల చదువుకుంటే కట్నం బాధ తగ్గుతుందని మా తరం వ్యాసాల్లో తెగ రాసింది. బజారు ఆ వ్యాసాలు చదివినట్టు లేదు. అన్నట్టు, వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది కనక దీన్ని ఎవరూ కట్నం అనరు. లాంఛనాలంటారు. "పిల్లకి మేం పెట్టుకునేది" అంటారు. చట్టాన్ని అంత గౌరవించే జాతి మనది.

సరే, కుదిరింది. పరీక్షలు అయ్యాకే పెళ్లి అని ఇరువైపులా ఒప్పుకున్నారు కూడా. అప్పుడు ప్రవేశిస్తారు సిద్ధాంతిగారు. యూనివర్సిటీవాళ్లు ఒక సెమిస్టరు పరీక్షలు వైశాఖ జ్యేష్ఠాల్లో పెడతారు, రెండో సెమిస్టరువి జరుపుకుంటూ జరుపుకుంటూ మాఘం దాకా తెస్తారు. మంచి ముహూర్తాలన్నీ కూడా అక్కడే కాచుకుని ఉంటాయి. ఇద్దరి జాతకాలకూ కుదిరిన దివ్యమైన లగ్నం రాత్రి 2 గంటల 47 నిమిషాలకు. మర్నాడు ఉదయం పదింటికి ఫ్లూయిడ్ మెకానిక్స్. పరీక్ష మళ్లీ పెడతారు, లగ్నం మళ్లీ వస్తుందా అని మేనమామ అడుగుతాడు. ఆయన వద్దన్నాడా? ప్రశ్న అడిగాడంతే.

గ్రహాలు దయ తలిచిన ఏడాదులు లేకపోలేదు. 2024లో గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం కూడబలుక్కుని వచ్చి మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా చేశాయి. ఫంక్షన్ హాళ్లవాళ్లు, క్యాటరింగువాళ్లు ఉసూరుమన్నారు. ఆ వేసవిలో ప్రశాంతంగా సెమిస్టరు రాసుకున్న నిశ్చితార్థపు పిల్లలంతా శుక్రాచార్యుడికి మొక్కు చెల్లించాలి. ఆడపిల్ల చదువు గట్టెక్కించడానికి ఆఖరికి రాక్షసుల గురువు దిగి రావలసి వచ్చింది.

ఇంకొక ఆశ ఆషాఢం. ఆ నెల కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదని పుట్టింటికి పంపేస్తారు కదా, కాలేజీలో చేరిన బ్యాచీలో ఆమె మళ్లీ కనబడేది అప్పుడే. కనక నా ప్రతిపాదన ఇది. ప్రతి విశ్వవిద్యాలయపు అకడమిక్ కౌన్సిల్లోనూ ఒక సిద్ధాంతిని శాశ్వత సభ్యుడిగా నియమించాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, అడపాదడపా వచ్చే అధికమాసం, మూఢాలు, ఇవన్నీ ఏరి నాలుగేళ్ల కోర్సును వాటిలో సర్దాలి. మధ్యలో మిగిలే శుభదినాల్లో అబ్బాయిలు యథాప్రకారం క్రికెట్ ఆడుకోవచ్చు. జాతీయ విద్యా విధానం భారతీయ విజ్ఞాన సంప్రదాయాన్ని పాఠ్యాంశాల్లోకి తేవాలంటోంది. ముందు టైంటేబుల్లోకి తెద్దాం.

అంతవరకూ 75 శాతం హాజరు నిబంధన అలాగే ఉంటుంది. పది శాతం తగ్గితే డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి, రుసుము కట్టి, క్షమాభిక్ష పొందవచ్చు. నిశ్చితార్థానికి నాలుగు రోజులు, చీరలకు కంచి వెళ్లి రావడం, పసుపు దంచడం, పెళ్లి, సత్యనారాయణ వ్రతం, అన్నవరం, పదహార్రోజుల పండగ, ఆడపడుచు ఇంట్లో భోజనాలు. వివాహం అనే జబ్బుకు సర్టిఫికెట్టు ఇచ్చే డాక్టరు లేడు. టైఫాయిడ్ అని రాయించుకోవాలి. అదీ చాలక డిటెయినవుతుంది. మళ్లీ చేరాలంటే రీఅడ్మిషన్ ఫీజు. ఎవరు కట్టాలి? "పెళ్లి చేసి పంపాం, ఇక మీ పిల్ల" అని పుట్టింటివారు. "డిటెయినైంది మీ ఇంట్లో ఉండగా" అని అత్తింటివారు. ఈ సరిహద్దు తగాదా తేలేలోపు మళ్లీ ఆషాఢం వస్తుంది. ఈసారి ఆమె పుట్టింటికి రాదు, సీమంతం అక్కడే చేస్తామన్నారు.

గర్భిణులైన విద్యార్థినుల సంగతి పట్టించుకునేవాళ్లు లేరనుకోకండి. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు 240 రోజుల ప్రసూతి సెలవు 2016 నుంచీ యూజీసీ నిబంధనల్లో ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా సెలవు, హాజరు సడలింపు నియమాలు చేసుకోండని 2021 డిసెంబరులో యూజీసీ అన్ని విద్యాసంస్థలకూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మీ ఊరి కాలేజీలో ఏ ఫైల్లో ఉందో ఓసారి అడిగి చూడండి. టీ ఇస్తారు.

రెండో అనుమానితుడు ప్రభుత్వం. ఈ కేసును నేను నిద్రలో గెలుస్తాను, ఎందుకంటే ఆడపిల్ల మీద సర్కారు ప్రేమకు చెక్కుల రూపంలో రుజువులున్నాయి. తెలంగాణలో కల్యాణలక్ష్మి పెళ్లిసాయం 2014లో 51,000 రూపాయలతో మొదలైంది. 2017లో 75,116 చేశారు. 2018లో 1,00,116. పెళ్లికూతురికి 18 నిండాలన్న షరతు బాల్యవివాహాలు ఆపడానికి పెట్టారు, ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. అయితే పిల్లకు 18 నిండేది డిగ్రీ మొదటి ఏడాదిలో. కాలేజీ గేటూ కల్యాణలక్ష్మి గేటూ ఇంచుమించు ఒకేసారి తెరుచుకుంటాయి. ఒకదాని దగ్గర చెక్కుతో ఎమ్మెల్యేగారు, ఫొటోగ్రాఫరు. రెండోదాని దగ్గర బాకీల పట్టీతో ఫీజు గుమాస్తా.

అదే రాష్ట్రంలో, ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ విద్యార్థికి ఇంజనీరింగు ఫీజు రీయింబర్స్‌మెంటు ఏడాదికి 35,000. పెళ్లిసాయం నాలుగేళ్లలో దాదాపు రెండింతలైంది, ఈ 35,000 మాత్రం పదేళ్లు దాటినా కదల్లేదు. అదీ కాగితం మీద. నిజంగా పడితే గదా? బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే గేట్లు మూసి బంద్ చేశాయి. విద్యార్థులు బంద్ చేయడం మనకు తెలుసు. యాజమాన్యాలు చేసే కాలం చూశాం. 2023 ఎన్నికల్లో పెళ్లిసాయానికి తోడు తులం బంగారం ఇస్తామన్నారు. ఆ తులం ఎక్కడ అని ప్రతిపక్షం ఇప్పటికీ నిలదీస్తోంది. నిలదీయాల్సిందే. డిగ్రీ ఆఖరి సెమిస్టరు దాకా నిలిచిన పిల్లకు తులం ఇస్తామన్న పార్టీ మాత్రం నాకింకా తగల్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏమీ వెనకబడలేదు. 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు రీయింబర్స్‌మెంటు ఆపేశారు. 2022లో కల్యాణమస్తు తెచ్చి, వధూవరులు పదో తరగతి పాసై ఉంటేనే సాయం, చదువును ప్రోత్సహించడమే మా ధ్యేయం అన్నారు. పీజీ చదువుతానంటే డబ్బుల్లేవన్నారు, పది పాసై పెళ్లి చేసుకుంటానంటే ఉన్నాయన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 20-24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రాలో 29.3. దేశం మొత్తం మీద 23.3. అమెరికాకు ఇంజనీర్లను ఎగుమతి చేసే జిల్లాలు మనవే, ఈ 29.3 కూడా మనదే.

మనం జోకులేసుకునే బీహార్‌లో డిగ్రీ పాసైన అమ్మాయి ఖాతాలో ప్రభుత్వం 50,000 వేస్తుంది. పశ్చిమ బెంగాల్లో కన్యాశ్రీ పథకం 2013 నుంచీ ఉంది. 18 నిండేనాటికి పెళ్లి కాకుండా చదువుకుంటూ ఉంటేనే 25,000. పెళ్లి చేసుకోకపోయినందుకు డబ్బిచ్చే సర్కారు కూడా ఉంటుందని మన సంక్షేమ శాఖల చెవిన ఎవరూ వేసినట్టు లేదు. వేసినా నమ్మి ఉండరు.

రీయింబర్స్‌మెంటు పడకపోతే కాలేజీ ఏం చేస్తుంది? ఏమీ చేయదు, పాపం. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో భద్రంగా ఉంచుతుంది. పదో తరగతి మెమో, ఇంటర్ లాంగ్ మెమో, అన్నీ. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. కాలేజీవాళ్లు దాన్ని కూడా అట్టిపెట్టుకున్నారు. ఇక్కడ చదవలేక, వేరేచోట చేరలేక, ఇంట్లో కూర్చున్న పిల్లను చూసి తండ్రి ఏమనుకుంటాడు? ఊరికే కూర్చోబెట్టడమెందుకు, సంబంధం చూద్దాం అనుకుంటాడు. చూశారా, మళ్లీ ఆయన తప్పేం లేదు.

దారి సంగతి త్వరగా ముగిస్తాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. వెక్కిరించేవాళ్లు వెక్కిరించనీ, ఈ మధ్యకాలంలో పల్లెటూరి ఆడపిల్ల చదువుకు జరిగిన నికరమైన మేలు ఇదొక్కటే అని నేను సంతకం పెట్టి చెబుతాను. కాకపోతే జీరో టికెట్టు ఎక్కించుకోవడానికి బస్సు కూడా రావాలి. ల్యాబు అయిదింటిదాకా, ఆఖరి బస్సు నాలుగున్నరకు. షేర్ ఆటోలో వచ్చిన రోజు చౌరస్తాలో నలుగురు కుర్రాళ్లు. ఇంట్లో తెలిస్తే చదువు బంద్ అని ఆమె చెప్పదు. తెలిసిన రోజు అదే జరుగుతుంది. ఊరిపెద్దలు కూర్చుంటారు. "కుర్రాళ్లు చదువుకుంటున్నారు, కేసు పెడితే వాళ్ల భవిష్యత్తు పాడైపోతుంది" అని దయగా తీర్పు చెబుతారు. వాళ్ల భవిష్యత్తు మర్నాడు అదే చౌరస్తాలో సిగరెట్ కాలుస్తూ ఉంటుంది. పిల్ల ఫోను తండ్రి జేబులో ఉంటుంది.

పోనీ హాస్టల్లో పెడదామంటే, అక్కడ లైబ్రరీ తొమ్మిదింటిదాకా, అమ్మాయిల గేటు ఆరింటిదాకా. భద్రత పేరుతో విద్యార్థినులకు అడ్డమైన ఆంక్షలు పెట్టవద్దని యూజీసీ వేసిన సక్షమ్ కమిటీ 2013లోనే చెప్పింది. వార్డెన్లు ఆ నివేదికను చదివే ఉంటారు, ఆరు తర్వాత వాళ్లకు తీరిక కాబట్టి. ఇంట్లో ఉండి చదివే పిల్లకు గేటు గొడవ లేదు, గిన్నెల గొడవుంది. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 97లో అల్మరా మీది డబ్బా అందించడం కూడా కలిపారేమో చూడాలి.

ఇక సంబంధాల్లోకెల్లా తలమానికం, హెచ్-1బీ. అబ్బాయికి మూడు వారాల సెలవు. దిగిన నాలుగో రోజు పెళ్లిచూపులు, పదో రోజు తాళి, ఇరవయ్యో రోజు విమానం. అమ్మాయి ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు ల్యాబులో సగం జరిగి ఉంటుంది. "అమెరికా వెళ్తోంది, ఈ ఎమ్మెస్సీ ఎవడిక్కావాలి?" అని గైడుగారే నవ్వుతూ దీవిస్తారు. హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్య అక్కడ చదువుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అయితే సగం చదువుకు ట్రాన్స్‌స్క్రిప్టు పట్టుకెళితే మళ్లీ మొదటికి రమ్మంటారు, ఫీజు డాలర్లలో అడుగుతారు. ఉద్యోగం చేయాలంటే 2015 మే నుంచీ ఒక దారి తెరిచారు, అదీ మొగుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటాకే. ఆయన క్యూలో జరిగితే ఈమె గుమ్మంలోకి జరుగుతుంది. ఊళ్లో మాత్రం అమ్మానాన్నలకు ఎక్కడలేని పరువు. "మా అమ్మాయి అమెరికాలో ఉంది" అంటారు. ఏం చేస్తోందని ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. ఏటా తెలుగు సంఘాల మహాసభల్లో మహిళా వేదిక మీద స్త్రీ విద్య గురించి ఒక ప్రసంగం ఉంటుంది. ఆ పూట పిల్లల ఆటల గది చూసుకునే వాలంటీర్లలో ఎమ్మెస్సీ సగంలో వదిలినవాళ్లు ఎంతమందో నిర్వాహకులు ఓ జాబితా తీస్తే బాగుంటుంది.

పెళ్లి వయసు పెంచితే ఇవన్నీ సర్దుకుంటాయని ఒక వాదన. ఆడపిల్ల పెళ్లి వయసును 21కి పెంచే బిల్లును 2021 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు. అక్కడ అది చాలాకాలం విశ్రాంతి తీసుకుని 17వ లోక్‌సభతో పాటు గతించింది. ఆడపిల్లల చదువు కోసం పెట్టిన బిల్లు కూడా మధ్యలోనే మానేసింది. ఎవరూ మాన్పించలేదు.

చివరగా ఒక సాక్షిని బోనెక్కిస్తాను. పేరు చెప్పను, మీ వీధిలోనూ ఉంటాడు. పై కథలో అమ్మాయి తమ్ముడు. అక్కకు సంబంధం "అనుకోకుండా" వచ్చిన వేసవిలోనే వాడికి మేనేజ్‌మెంటు కోటాలో సీటు కొన్నారు. రెండెకరాల్లో అరెకరం అక్క లాంఛనాలకు పోయింది, అరెకరం వీడి సీటుకు. అక్క నాలుగు సెమిస్టర్లు ఫస్టు క్లాసులో రాసి ఆగిపోయింది. వీడు బీటెక్‌లో చేరి ఎనిమిదో ఏడు నడుస్తోంది, ఇంకా పదకొండు సబ్జెక్టులున్నాయి. వాణ్ణి చూపించి ఎవరూ చదువు మానేశాడనరు. "ఇంకా చదువుతున్నాడండీ" అంటారు, కాస్త గర్వంగానే. వీడికి సంబంధాలు చూడరా అని ఎవరైనా అడిగితే తల్లి కొంగు దోపుకుని లేస్తుంది: "చదువు మధ్యలో పెళ్లేంటి?"

మొన్న యూనివర్సిటీ పాత బ్యాచీలకు వన్ టైమ్ చాన్స్ ప్రకటించింది. తండ్రి అప్పు చేసి ఫీజు కట్టాడు, ఒకరికి. పదకొండు సబ్జెక్టుల్లో వాణ్ణి భయపెట్టేది మ్యాథ్స్-3. అది అక్కకు నూటికి ఎనభై ఆరు వచ్చిన పేపరు. రోజూ రాత్రి పదకొండు దాటాక, అత్తగారింట్లో వంటిల్లు సర్దేసి, వీడియో కాల్ పెట్టి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ చెబుతోంది. ఓపిగ్గా చెబుతుందట. ఈసారి వాడు పాసయ్యేలాగే ఉన్నాడు.